కొలత నిలవని మలుపు

ఆ పళ్ళ డాక్టరమ్మ ఇంట్లో మేడమెట్ల మలుపంటే పెట్టెలు కట్టేవాళ్ళకి హడల్. అక్కడ కొలత నిలవదంటారు. టేపు పట్టుకుని వెళ్ళిన మేస్త్రీలు ఇద్దరు మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. ఎందుకని అడిగితే ఒకడు నవ్వేసి ఊరుకున్నాడు. రెండోవాడు మాట మార్చాడు.

మూడోసారి ఆ పని పెద్దాయన దగ్గరికొచ్చింది.

యాభై ఏళ్ళుగా ఆయనది ఒకటే పని. దూరం వెళ్ళే శిల్పాలకి వేలు కూడా విరక్కుండా చెక్క పెట్టెలు కట్టడం. పలకలు మోసీ మోసీ ఎడమ భుజం వేలెడు కిందికి జారిపోయింది. రెండేళ్ళ నుంచీ చేతులు వణుకుతున్నాయి. టీ ఇస్తే సాసర్లో కప్పు టకటకలాడుతుంది. కొయ్యడం, మేకులు కొట్టడం, బేరాలు... అన్నీ కోడలి చేతికొచ్చేశాయి. టేపు ఒక్కటే ఆయన జేబులో మిగిలింది.

"కోపం తెచ్చుకోకండి మామయ్యా," అంది కోడలు. "మొన్న రెండు పెట్టెలు విప్పి మళ్ళీ కట్టాను. ఈసారి కూడా కొలత తప్పితే టేపు నాకిచ్చెయ్యండి."

"తప్పితే కదా."

"తప్పితేనే."

ఆ రాత్రి ఆయన అన్నం సగంలోనే వదిలేసి లేచాడు.

డాక్టరమ్మ ముప్పై ఏళ్ళుగా మనిషి బొమ్మలే కొంటోంది. కిటికీ దగ్గర కంచు ముసలమ్మ, పుస్తకాల బీరువా పక్కన రాతి పిల్లాడు, భోజనాల బల్ల పక్కన మోకాళ్ళు ముడుచుకున్న మట్టి మనిషి. "రోజంతా నోళ్ళు తెరిపించీ తెరిపించీ విసుగొచ్చింది మేస్త్రీ. ఇంటికొస్తే నోరు మూసుకునే మనుషులు కావాలనిపించింది," అంటుంది.

మలుపులో నిలబెట్టింది మాత్రం ఒక చెక్క మనిషి. నిలువెత్తు. భుజాలు గీత గీసినంత సమంగా, చేతులు పక్కలకి వేలాడుతూ... ఎవరిదో ఇల్లు ఖాళీ చేస్తుంటే కొనుక్కొచ్చింది.

"దీన్నొక్కదాన్నీ పంపించేస్తాను," అంటూ గొంతు తగ్గించింది. "ఆ మలుపు దాటేటప్పుడు... ఎవరికో దారి ఇస్తున్నట్టు గోడకి ఒదుగుతున్నాను."

పెద్దాయన మొదటి రోజే అట్ట కోశాడు. పెట్టెలో బొమ్మ కదలకుండా భుజాల మీద ఒక అడ్డపట్టీ ఆనుతుంది. దానికి అచ్చు ఆ అట్ట. బొమ్మ మెడ వెనక పెట్టి, అటు దీపం పట్టుకుని, వెలుగు గీత కూడా దూరనంత వరకూ చెక్కాడు. డాక్టరమ్మకి చూపించి, అట్ట మీద సంతకం పెట్టించాడు. రేపు కోడలు ఏమైనా అంటే సాక్ష్యం ఉండాలి కదా.

తర్వాత రెండు సాయంత్రాలూ అక్కడికే వెళ్ళాడు. నడుము కొలత, మోచేయి కొలత, పాదాల కొలత...

మూడో రోజు కోడలు టీ ఇచ్చింది. కప్పు చప్పుడు చెయ్యలేదు.

"చూశావా," అన్నాడు. "ఆ ఇంటి మెట్లెక్కినప్పటి నుంచీ చెయ్యి కుదురుకుంది."

కోడలికి సంతోషమేసింది. కాస్త సిగ్గు కూడా వేసింది, టేపు మాట తొందరపడి అన్నానేమోనని.

నాలుగో రోజు చీకటి పడ్డాక పెట్టె తీసుకెళ్ళారు. మలుపులో ఒకే ఒక్క బల్బు. కోడలు అడ్డపట్టీ ఎత్తి బొమ్మ భుజాల మీద ఆనించింది.

పట్టీ కుడివైపు సరిగ్గా కూర్చుంది. ఎడమవైపు... వేలు దూరేంత సందు.

ఆవిడ పట్టీ దించి గోడకి ఆనించింది. పెద్దాయనకి అది తగిలింది. అట్ట తీసి తనే పెట్టాడు. అదే సందు.

"ఆ సంతకం నాదే," అంది పై మెట్టు మీంచి డాక్టరమ్మ. "ఆ రోజు వెలుగు దూరలేదు. నా కళ్ళతో చూశాను."

"విన్నావా అమ్మాయ్?" పెద్దాయన గొంతులో ఎన్నాళ్ళకో హుషారు. "నా కొలత తప్పలేదు. టేపు నాదే."

కోడలు వినడం లేదు. బొమ్మ వంకే చూస్తోంది. ఎడమ భుజం వేలెడు కిందికి జారి ఉంది. ఆ జారుడు ఆవిడకి తెలియనిది కాదు. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ మామయ్య చొక్కాలు తనే కుడుతోంది... ప్రతి చొక్కాకీ ఎడమ భుజం ఆ వేలెడూ తగ్గించి.

మెల్లగా ఆయన వైపు తిరిగింది.

తను కుట్టిన చొక్కానే. ఎడమ భుజం దగ్గర బిగిసి, ముడతలు పడి, మెడ వైపు ఎగదన్నుతోంది.

"మామయ్యా... కదలకండి."

అట్ట ఆయన మెడ వెనక పెట్టింది. అది రెండు భుజాల మీదా అతికినట్టు కూర్చుంది. చేతిలో ఫోన్ లైటు వేసి అటువైపు నుంచి పట్టుకుంది.

వెలుగు గీత కూడా దూరలేదు.

"ఆ టేపు... ఇలా ఇవ్వండి. ఇంటికి పోదాం."

"ఎందుకూ... గెలిచింది..." పెదవులు సగంలోనే ఆగిపోయాయి.

ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది. పొడిగా ఉంది. చల్లగా ఉంది. వేళ్ళు విప్పబోతే విడలేదు. ఇంకాస్త గట్టిగా లాగింది. చేతి గాజు ఆయన మణికట్టుకి తగిలి... టక్‌మంది. రోజూ సుత్తి కింద చెక్క చేసే చప్పుడే.

వెనకనుంచి డాక్టరమ్మ గుసగుసగా అంది.

"అమ్మాయ్... దాని చేతులు చూడు."

చెక్క మనిషి చేతులు పక్కలకి అలాగే వేలాడుతున్నాయి. వేళ్ళ చివర్లు మాత్రం — సన్నగా, ఆగకుండా — వణుకుతున్నాయి.