చీటీలో నలుగురు

నెల్లిమర్ల దాటాక రోడ్డుకి ఎడమ పక్క ఒక పెద్ద రేకుల గొడౌను ఉంది. పొద్దుగూకాక మా ఊరివాళ్లు అటు వెళ్లరు. తప్పనిసరైతే సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళతారు... ఎదురుగా ఎవరూ లేకపోయినా.

ఒకప్పుడు అందులో గోనెసంచులు దాచేవారు. ఆ తర్వాత పదిహేనేళ్లు తాళం. ఆ తాళం రోజుల్లోనే దానికి చెడ్డపేరు వచ్చింది — లోపల ఎవరో చిన్నపిల్ల తడికాళ్లతో తిరుగుతుందని. పొడి సిమెంటు నేల మీద తెల్లారేసరికి అడుగులు కనిపించేవట. అన్నీ చిన్నవే. గోడ దగ్గర మొదలై తలుపు దాకా వచ్చేవి. వెనక్కి వెళ్లిన అడుగు మాత్రం ఒక్కటీ ఉండేది కాదు.

తాళం వేసిన గొడౌనులోకి వెళ్లి అడుగులు చూసింది ఎవరని అడిగితే, ఎవరికి వారు పక్కవాడి పేరు చెప్పేవారు.

విజయనగరం చంద్రమౌళి గారికి బట్టల వ్యాపారం. ఆయనకి దెయ్యాలంటే భయం లేదు. దెయ్యం ఉన్న స్థలం చవగ్గా వస్తుందని మాత్రం తెలుసు. కొన్నారు. నీళ్లు నింపారు. ఇండోర్ వాటర్ పార్కు అని బోర్డు కట్టారు. గోడ మీద డాల్ఫిన్ బొమ్మ వేయించారు. ఆ పెయింటరు డాల్ఫిన్‌ని ఎప్పుడూ చూడలేదేమో, అది నవ్వుతున్న కొర్రమేనులా ఉంటుంది. ఎండ పొడ సోకని ఆ షెడ్డులో టికెట్ కిటికీ పక్కన అరసవల్లి సూర్యనారాయణ స్వామి పటం పెట్టారు.

షెడ్డుకి కిటికీలు లేవు. లైట్లు ఆరితే మధ్యాహ్నం మూడింటికే లోపల అర్ధరాత్రి.

నేను చెప్పేది అలాంటి అర్ధరాత్రి సంగతే.

సగం అసిరమ్మ చెప్పింది. సగం వినోద్ చెప్పాడు, టీ బడ్డీ దగ్గర, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని. వినోద్ ఎచ్చెర్ల వైపు కుర్రాడు. నీళ్ల దగ్గర పిల్లల్ని కాయడం అతని పని. ఈత వచ్చు. ధైర్యం ఉద్యోగంలో చేరాక నేర్చుకోవచ్చులే అనుకున్నాడట.

అసిరమ్మది మా వీధే. కొడుకు పైడిరాజు ట్రాక్టరు తోలుతాడు. కోడలు శైలజ. శైలజకి నలుగురు పుట్టారు. మూడోది ఝాన్సీ... కిందటేడాది వానల్లో డెంగీ జ్వరం వచ్చి మూడు రోజుల్లో పోయింది. దానికి ఆరేళ్లు.

శైలజ ఏడవలేదు. వండేది, పెట్టేది, గిన్నెలు తోమేది. తినమంటే తినేది. ఓదార్చడానికి వెళ్లిన ఆడవాళ్లు ఆమె ఏడవకపోయేసరికి ఆమె వంతు కూడా తామే ఏడ్చి, కాఫీ తాగి వచ్చేవారు. తర్వాత కొళాయి దగ్గర రాయి మనిషి అనేవారు. ఆ ఇంట్లో ఝాన్సీ పేరు ఎత్తడం మానేశారు. పిల్లలు కూడా.

ఈ వేసవి సెలవుల్లో పైడిరాజు, "గుంటల్ని ఓపాలి ఆ నీల్ల పార్కుకి తీసుకెల్లు," అన్నాడు. మా వైపు పిల్లల్ని గుంటలనే అంటాం. శైలజ సరే అంది. వద్దనడానికి కూడా కాస్త ఓపిక ఉండాలి.

అలా వెళ్లారు. శైలజ, అసిరమ్మ, పిల్లలు ముగ్గురు.

పెద్దది సింధుకి పద్నాలుగేళ్లు. ఫోను ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, ఈ కుటుంబంతో తనకేమీ సంబంధం లేనట్టు నాలుగు గజాల దూరంలో నడిచింది. నవీన్‌కి పదేళ్లు. వాడికి పెద్ద గొట్టం జారుడుబల్ల కావాలి. దానికి గోడ మీద ఎత్తు గీత ఉంది. ఆ గీత దగ్గర వాడు మడమలెత్తాడు, వినోద్ భుజాలు నొక్కాడు, వాడు మళ్లీ ఎత్తాడు. నాలుగేళ్ల సాయికిరణ్ పుట్టగొడుగు ఫౌంటెన్ కింద కూర్చుని, అందరూ స్నానం చేసిన ఆ నీళ్లే దోసిళ్లతో తాగుతున్నాడు.

ముగ్గురూ మూడు దిక్కులు. మధ్యలో శైలజ, అద్దెకి తీసుకున్న నైలాను డ్రస్సులో. ఆ డ్రస్సు మీద పెద్ద అక్షరాలతో 'హ్యాపీ' అని ఉందట.

నీళ్లలోకి దిగాలంటే అలాంటి డ్రస్సే వేసుకోవాలి. అసిరమ్మ మాత్రం దిగనంది. "ఈ వయసులో నాకు లాగు ఏటి," అని మెట్టు మీద కూర్చుంది. ఆమె అడ్డపొగ చుట్ట కాలుస్తుంది, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. లోపల కాల్చకూడదన్నారు. గంటసేపు ఓర్చుకుంది, ఆనక రోడ్డు మీదికి వెళ్లిపోయింది.

అక్కడ ఒక పద్ధతి ఉంది. టికెట్ కిటికీ దగ్గర ఒక్కో కుటుంబానికి ఒక చీటీ రాసిస్తారు — పెద్దలెంతమంది, పిల్లలెంతమంది. వినోద్ ఆ చీటీలు దగ్గర పెట్టుకుంటాడు. లోపలికి వచ్చేటప్పుడు ఒకసారి, బయటికి వెళ్లేటప్పుడు ఒకసారి మనుషుల్ని సరిచూడాలి. వచ్చేటప్పుడు సరిచూడటానికి వినోద్‌కి బద్ధకం.

మూడింటికి కరెంటు పోయింది.

ముందు లైట్లు ఆరాయి. తర్వాత మోటార్లు ఆగాయి. పాటలు ఆగాయి. కొలనులో అలలు రెండు సార్లు గట్టుకి కొట్టుకుని, అవీ ఆగాయి... జనరేటరు ఉంది. డీజిలు లేదు.

చీకట్లో పిల్లలు ఏడుపు మొదలెట్టారు. వినోద్ సెల్లు లైటు పట్టుకుని తలుపు తీశాడు. తలుపు మలుపు తిరిగిన వసారా చివర ఉంటుంది. ఆ వెలుగు నీళ్ల దాకా రాదు. ఒక్కో చీటీ చూసి, ఒక్కో కుటుంబాన్ని సరిచూసి పంపాడు.

చివరికి ఒక్క చీటీ మిగిలింది.

వినోద్ దాని మీద లైటు వేశాడు. పెద్దలు — ఇద్దరు. పిల్లలు — నలుగురు.

లైటు ఎత్తాడు. సింధు. నవీన్. తల్లి చంకలో సాయికిరణ్.

ముసలమ్మ బయట ఉన్నట్టు అతనికి తెలుసు. చుట్ట వాసన తెలిసింది. మరి...

"నాలుగో గుంట ఏదమ్మా?" అన్నాడు, గొంతు తగ్గించి.

"మేం ముగ్గురమే అన్నయ్యా," అంది సింధు.

"సీటీలో నలుగురని రాసున్నాది."

"తప్పు రాసీసుంటారు."

వినోద్ తల్లివైపు తిరిగాడు. "మీరు సెప్పండమ్మా. మీకు పిల్లలెంతమంది?"

కిందటి వానల నుంచీ ఆ మాట శైలజని ఎవరూ అడగలేదు. మా ఊళ్లో అందరికీ తెలుసు. తెలిసిన సంగతి అడగరు కదా.

"నలుగురు," అంది శైలజ.

"అమ్మా..." అంది సింధు.

"నలుగురే."

గొంతులో ఏమీ లేదట. ఇంట్లో ఉప్పు ఉందా అంటే ఉంది అన్నట్టు అంది. సాయికిరణ్‌ని సింధు చేతికిచ్చి వెనక్కి తిరిగింది. చీకట్లోకి నడిచింది. కాసేపటికి నీళ్లు కదిలిన చప్పుడు వినిపించింది.

వినోద్‌కి అప్పుడు ఆ గొడౌనుకున్న చెడ్డపేరు గుర్తొచ్చింది. చిన్న అడుగులు గుర్తొచ్చాయి. కానీ నీళ్లలో నిజంగా పిల్ల ఉంటే — బతికేది నిమిషాలే. ఆ లెక్క ఉద్యోగంలో చేరిన రోజే చెప్పారు. అతనూ దిగాడు.

ఆ కొలను ఒక పక్క చీలమండ లోతు, ఇంకో పక్క గుండె లోతు. ఒక చేత్తో సెల్లు పైకెత్తి, పాదాలతో అడుగు తడుముతూ నడిచాడు. అవతల శైలజ కూడా అలాగే తడుముతోంది. మెల్లగా. పొలంలో ఏదో పారేసుకుని వెతుకుతున్నట్టు.

"ఎంత గుంటమ్మా?"

"ఏడేల్లు."

"ఏటి ఏసుకున్నాది?"

శైలజ పాదంతో ఇంకో చోటు తడిమింది.

"పసుపు గౌను. నానే ఏసినాను."

ఆస్పత్రి నుంచి తెచ్చాక, శ్మశానానికి తీసుకెళ్లే ముందు వేసిన గౌను అది. సింధుకి తెలుసు. తమ్ముడి మొహాన్ని తన భుజానికి అదుముకుంది.

"పేరేటమ్మా?"

"ఝాన్సీ."

"ఝాన్సీ..." అని పిలిచాడు వినోద్. "పాపా... ఝాన్సీ..."

పైన రేకులు ఆ పేరుని తిప్పి పంపాయి.

గట్టు మీద నుంచి సాయికిరణ్ కూడా పిలిచాడు. "అక్కా..."

అప్పుడు —

పెద్ద గొట్టంలో చప్పుడైంది.

పైన ఎక్కడో. ఏదో జరిగినట్టు. ఆగింది. మళ్లీ జరిగింది... ఒక మలుపు... ఇంకో మలుపు. నీళ్లు ఆగిపోయిన పొడి గొట్టంలో ఏదో ఒరుసుకుంటూ, తొందరేమీ లేనట్టు, కిందికి వస్తోంది.

వినోద్ గొట్టం మూతికి లైటు పట్టాడు. ఆ వెలుగులో గొట్టం వణుకుతున్నట్టుంది.

పసుపుపచ్చగా ఏదో కనిపించింది. కొస దాకా వచ్చింది. నీళ్లలో పడింది.

నడుము లోతు నీళ్లలో వినోద్ ఈత మర్చిపోయాడు. రెండు గుక్కలు తాగాడు కూడా.

శైలజ దాని దగ్గరికి నడిచింది. రెండు చేతులతో పైకి తీసింది. చిన్నపిల్లలు నడుముకి పెట్టుకునే పసుపు రబ్బరు ట్యూబు. పైన ఎవరో వదిలేసి ఉంటారు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, గట్టు మీద పెట్టింది. మళ్లీ అడుగు తడుముతూ లోతువైపు వెళ్లింది.

వినోద్ నాతో అన్నాడు — నాకు ఆ గొట్టం భయం తర్వాత పోయింది, ఆ మనిషి ట్యూబు పక్కన పెట్టిన తీరే పోలేదు, అని.

ఈలోగా వసారాలో అగ్గిపుల్ల వెలిగింది. అసిరమ్మ.

"అందరూ ఒచ్చీసినారు, మీరేటి సేస్తన్నారు లోపల?"

"నాలుగో గుంట కనబడ్నేదు మామ్మా," అన్నాడు వినోద్.

అగ్గిపుల్ల వేళ్ల దాకా కాలింది. అసిరమ్మ పారేయలేదు.

"నాలుగో గుంట నేదు బాబు. టికెట్టు కాడ నలుగురని సెప్పింది నానే."

"నేని గుంటని ఎందుకు సెప్పినావు మామ్మా?"

అసిరమ్మ మెట్టు మీద కూర్చుంది. చీకట్లో ఆమె గొంతు ఒక్కటే ఉంది.

"గుంటలెంతమందని పరాయోలు అడిగితే ఉన్నది ఉన్నట్టు సెప్పకూడదు బాబు. దిష్టి. నాను ఒకటి ఎక్కువ సెప్తాను. గుంటల్ని తీసుకెల్లీది ఒస్తే ఆ నేనిదాన్నే తీసుకెల్తాది. ఇద్దరున్నప్పుడు ముగ్గురన్నాను. ముగ్గురున్నప్పుడు నలుగురన్నాను..."

ఆగింది.

"ఒక్కపాలి తప్పినాను. టీకాలేసే నర్సమ్మ అడిగింది. సంటోడు సేతిలో ఏడుస్తన్నాడు. అప్పుడు నలుగురూ ఉన్నారు. నలుగురనీసినాను."

నెల తిరక్కుండా జ్వరం వచ్చింది.

డెంగీకి దోమ కారణమని మా ఊళ్లో చదువుకున్నవాళ్లందరికీ తెలుసు. ఆ మాట అసిరమ్మ దగ్గర కూర్చుని చెప్పినవాళ్లు ఎవరూ లేరు. ఆమె ఎవరికైనా చెబితే కదా. కోడలికే చెప్పలేదు.

వినోద్‌కి మాత్రం ప్రాణం లేచొచ్చింది. గట్టెక్కి కూలబడ్డాడు. ఎవరూ మునిగిపోలేదు. ఉద్యోగం ఉంది. "బయటికి రండమ్మా," అని పిలిచాడు. "పిల్లలంతా ఉన్నారు. ఎవలూ నేరక్కడ."

శైలజ రాలేదు.

గుండె లోతులో నిలబడి ఉంది. వెతకడం ఆపింది. అంతే.

నవీన్ నీళ్లలోకి రెండడుగులు వేశాడు. "అమ్మా, ఎల్దాం," అన్నాడు. ఆమె కదల్లేదు. ఎంతసేపో వినోద్ చెప్పలేడు. సెల్లులో చార్జింగు అయిపోవచ్చిందట, లైటు పచ్చబడిందట. ఈ మనిషి ఇంక రాదు, నేను మళ్లీ దిగాలి అనుకున్నాడట.

"అత్తా," అంది శైలజ.

"ఏటమ్మా."

"నాకు నలుగురు."

శైలజ గట్టువైపు తిరిగింది.

"ఒకటి ఎక్కువ సెప్పాలంటే ఐదుగురని సెప్పు."

గట్టు మీద సింధు ఏడుస్తోంది, చప్పుడు లేకుండా. ముసలామె తల వంచుకుంది.

"అలాగేనమ్మా," అంది. "ఐదుగురనే సెప్తాను."

అప్పుడు శైలజ నడుచుకుంటూ బయటికి వచ్చింది. సాయికిరణ్‌ని చంకనెత్తుకుంది. నవీన్ తల తుడిచింది. 'హ్యాపీ' డ్రస్సు కౌంటర్లో తిరిగి ఇచ్చేసింది.

బయట ఎండ కళ్లలో కొడుతోంది. మా ఊరి గంగులు ఆటో ఖాళీగా అటే వస్తోంది. ఎనిమిది మందిని కుక్కి, తొమ్మిదో మనిషిని చూడగానే బ్రేకు వేసే గంగులు. ఆపాడు.

"ఎంతమందే అప్పా?"

"పెద్దోల్లం ఇద్దరం," అంది అసిరమ్మ. కోడలి మొహం చూసింది. "గుంటలు... ఐదుగురు."

గంగులు వెనక్కి తిరిగి చూశాడు. ముగ్గురు పిల్లలు. అతనికి ఆ ఇంటి సంగతి తెలుసు. ప్రతి ఇంటి సంగతీ తెలుసు, తెలియనివి కూడా చెబుతాడు. నోరు తెరిచాడు. శైలజ మొహం కూడా చూశాడు.

"సర్దుకోండి," అన్నాడు.

సింధు ఆ చివరికి జరిగింది. నవీన్ కూడా జరిగి, తమ్ముణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. పెద్దవాళ్లిద్దరూ ఎదుటి బల్ల మీద కూర్చున్నారు. పిల్లల పక్కన ఇద్దరికి సరిపడా చోటు మిగిలింది.

ఊరొచ్చేదాకా దారి పొడుగునా జనం చెయ్యెత్తారు. గంగులు ఎక్కడా ఆపలేదు.