కుళాయికి కట్టిన ముడి

సీతారత్నం పేరుకున్న కొబ్బరినూనె సీసాను వేడినీళ్ళ గిన్నెలో పెట్టి తిప్పుతోంది. కూతురు లక్ష్మీతులసికి ఒక జడే పూర్తయింది.

"ఇదన్నా బాగా కాచు. మొగుడికి కాచినట్టు కాదు," అంది అత్త సత్యనారాయణమ్మ, పొయ్యి ఎగదోస్తూ.

గుమ్మంలో నిలబడ్డ శారోన్‌కు ఒళ్ళు మండింది. ఆమెను సహాయకురాలిగా పెట్టుకున్న ప్రైవేటు డిటెక్టివ్ విజయదుర్గ మాత్రం తొణకలేదు.

వారం కిందట ఓడలరేవు దగ్గర, గోదావరి సముద్రంలో కలిసే మొగలో, లోవరాజు పడవ ఇంజిన్ ఆగిపోయింది. కెరటానికి బోల్తా కొట్టింది. మర్నాడు శవం ఒడ్డుకొచ్చింది. పాత డీజిల్ ఇంజిన్‌ను అతను కొబ్బరినూనెతో నడిపేవాడు. చలికాలం పొద్దుటే ఆ నూనె కాచి ఇచ్చేది భార్య సీతారత్నం. సరిగా కాచక మొగుణ్ణి చంపిందని ఊరు తేల్చేసింది. ఆ నింద మోయలేకే ఆమె అమలాపురం వెళ్ళి విజయదుర్గను పిలుచుకొచ్చింది.

వసారాలో లోవరాజు అన్న గంగబాబు ఎడమచేత్తో వల అల్లుతున్నాడు. పడవలకు డీజిల్ అమ్మేది అతనే.

"తమ్ముడి ఇంజిన్ ఎప్పుడైనా ముట్టుకున్నారాండీ?" అడిగింది విజయదుర్గ.

"లేదండీ. ఊరంతా డీజిల్ మానేసి మా వాడి దారే పడతామన్నారండీ. ఇప్పుడెవడూ అనట్లేదు లెండి," నవ్వేడు.

విజయదుర్గ అందరినీ పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది.

"లోవరాజుగారు డీజిల్‌తో స్టార్ట్ చేసి, వేడెక్కేక నూనెకి మార్చేవారు. ఆపే ముందు మళ్ళీ డీజిల్. ఇంజిన్‌లోంచొచ్చే వేడినీళ్ళు నూనెగొట్టం చుట్టూ తిరుగుతాయి. అవి తిరిగినంతసేపూ భయం లేదు. ఎవరో ఆ నీళ్ళ కుళాయి మూసేసి, అదురుకి తెరుచుకోకుండా కట్టేరు. కుళాయి పడవ పలక కింద ఉంది కదా, ఆయనకి కనబడలేదు. ఎంత కాచిన నూనైనా మొగ చేరేసరికి గడ్డకట్టింది."

"కట్టింది ఇలా," అంటూ వలదారం ముడి ఒకటి నేలమీద పెట్టింది. మెలి అటుదిటుగా ఉంది.

సత్యనారాయణమ్మ దాన్ని లాక్కుని పొయ్యిలో పడేసింది.

"నేనింకా ఎవరి పేరూ చెప్పలేదండీ," అంది విజయదుర్గ. "అది ఎడమచేతివాటం ముడి. మీ పెద్దబ్బాయిదని చూడగానే పోల్చుకున్నారు. కాలింది మా శారోన్ కట్టిన నకలు. అసలుది పోలీసుల దగ్గరుంది. వాళ్ళు బయలుదేరేరు."

గంగబాబు చేతిలోంచి వల జారింది. "ఒడ్డునే ఆగిపోద్దనుకున్నానండీ... నలుగురూ నవ్వుతారని..."

సత్యనారాయణమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది. "పోయినోడు ఎలాగూ రాడు. ఉన్నోణ్ణి ఉండనీ. నూనె కాచలేదని నువ్వే ఒప్పుకో. ఊరెలాగూ అదే అంటోందిగా!"

సీసాలో నూనె పూర్తిగా కరిగింది. సీతారత్నం చెయ్యి విడిపించుకుంది. రెండో జడ వెయ్యని కూతుర్ని చంకనెత్తుకుని గుమ్మం దాటి వెళ్ళిపోయింది.