సగం ఫోటో

శనివారం పొద్దున్న కాఫీలు అయ్యాయో లేదో, తెరేస వసారాలో చాప వేసి ఆల్బమ్ ముందు పెట్టుకు కూర్చుంది. తెల్లారితే అత్తమామల పెళ్ళయి నలభై ఏళ్ళు. గుడిలో దివ్యపూజ, ఆ తర్వాత గవర్నర్‌పేటలోని ఈ మేడమీది వాటాలోనే చుట్టాలకు భోజనాలు. వచ్చినవాళ్ళంతా చూసేలా ముందుగది బల్లమీద ఈ ఆల్బమ్ ఉండాలని ఆమె పట్టుదల.

కాన్వెంటులో సిస్టర్లు నేర్పిన పని అది. ముందు గమ్ము ముట్టకూడదు. ఫోటోలన్నీ నల్ల అట్టమీద ఉత్తినే పేర్చి, అటూ ఇటూ జరిపి, కళ్ళు చికిలించి చూసుకోవాలి. పేజీలో ఎవరూ బయటికి చూస్తున్నట్టు ఉండకూడదు. కుదిరాకే ఫోటోలు దోపే కాగితపు మూలలు అంటించి, అంచులు కత్తిరించి, తెల్ల సిరాతో కింద పేర్లు రాయాలి. కాపురానికి వచ్చిన ఎనిమిది నెలల్లో అత్తగారి నోట ఒక్క మెప్పుమాట రాలేదు. కూరలో ఉప్పు సరిపోయినా ఆవిడ మాట్లాడదు, చాలకపోతే మాత్రం ఊరుకోదు. ఈ ఆల్బమ్‌తోనైనా మెప్పిద్దామని పాపం ఆ పిల్ల ఆశ.

పాత ఫోటోలు భర్త ఇన్నయ్య కట్ట విప్పి చూడకుండానే తెచ్చిచ్చాడు, అదీ అమ్మ ట్రంకుపెట్టెలోంచి, అమ్మకు చెప్పకుండా. "చెప్పామంటే అడుగడుగునా అడ్డం వస్తుంది. చూసి ఆశ్చర్యపోవాలి," అన్నాడు. ఆశ్చర్యపోవడమైతే జరిగింది.

స్నానం చేసి జడ ముడివేసుకుంటూ వచ్చిన అమలమ్మ, కోడలి భుజం మీదుగా వంగి చూసింది. పెళ్ళి ఫోటో చూసి ఆమె మొహంలో నవ్వులాంటిది కదిలింది. తెరేస గుండె పొంగిపోయింది. నాలుగో పేజీ, ఐదో పేజీ తిప్పింది. ఏడో పేజీ దగ్గర అమలమ్మ చెయ్యి చాచి ఆపింది.

"ఇదెక్కడిది?"

"మీ అందరిదీ అత్తయ్యా. తాతగారు, నాయనమ్మగారు, మీరూ మామయ్యగారూ, మీ చంకలో ఈయన. అందరూ కలిసి ఉన్న ఫోటో ఇదొక్కటే దొరికింది."

"నా చెయ్యేదే?"

తెరేసకు అర్థం కాలేదు. ఫోటోలో అమలమ్మ కుడిచెయ్యి మోచేతి దాకా వచ్చి ఆగిపోయింది.

"కింద సగం కత్తిరించాను అత్తయ్యా. కింద పెట్టె ఉంది కదా... పండగపూట వచ్చినవాళ్ళు శవపెట్టె చూడటం బాగుండదని..."

అమలమ్మ గోడ పట్టుకుంది. ఆ పెట్టెలో ఉన్నది లూర్దు. పెళ్ళయిన పదేళ్ళకు పుట్టి, నాలుగేళ్ళు బతికి, గొంతు పూడుకుపోయే కంఠసర్పితో మూడురోజుల్లో పోయిన పిల్ల. అప్పుడు వాళ్ళు హనుమాన్ జంక్షన్ అవతల పల్లెలో ఉండేవారు. చావు దగ్గర పెట్టె తెరిచి, చుట్టూ నిలబడి ఫోటో దిగడం ఆనవాయితీ. బతికి ఉండగా ఫోటో తీయించాలని ఎవరికీ తోచలేదు. ప్రతి ఏటా నవంబరు రెండున, ఆత్మల పండగనాడు, అమలమ్మ ఆ ఫోటోను పమిటచెంగులో పెట్టుకుని బస్సెక్కి, సమాధి మీద కొవ్వొత్తి ముట్టించి వస్తుంది. ఒక్కతే వెళుతుంది.

"దానికి వేరే ఫోటో లేదు," అంది. కేకవేయలేదు. అదే భయంగా ఉంది. "ఆ ముక్కేదీ?"

"చెత్తడబ్బాలో వేశాను. నిన్న సాయంత్రం."

డబ్బా బోర్లించి చూశారు. ఖాళీ. మామగారు అంతోని గారు రోజూలాగే పొద్దున్నే దాన్ని కిందకు దించి, మునిసిపాలిటీ బండిలో పోయించి వచ్చారు.

ఇన్నయ్య తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వచ్చాడు. "నేను ఫోటోలు తెచ్చానే గానీ కత్తిరించమన్నానా?" అన్నాడు. మగవాళ్ళకు ఇలాంటప్పుడు ఇలాంటి మాటలు భలే అందుబాటులో ఉంటాయి.

"తెచ్చింది నువ్వేనా?" అమలమ్మ కొడుకు వైపు తిరిగింది. "నీ అక్కరా అది! నిన్ను ఎత్తుకు తిరిగిన పిల్ల! నా పెట్టెలోంచి దాన్ని దొంగతనంగా తెచ్చి చెత్తలో వేయించావురా?"

"అమ్మా, నాకేం గుర్తు? ఎప్పుడైనా ఈ ఇంట్లో దాని పేరెత్తారా మీరు?"

"ఎవరితో ఎత్తను? మీ నాన్నతోనా? ఆయన ఆ ఫోటో వంక ఒక్కసారి చూశారా? లోపల పెట్టు అన్నారు, అంతే. ఎవరడిగినా మాకు ఒక్కడే అబ్బాయి అంటారు. అది పుట్టనే లేదన్నట్టు!"

తెరేస చెప్పులైనా వేసుకోకుండా మెట్లవైపు పరుగెత్తింది. "నేను వెళ్ళి వెతుకుతాను అత్తయ్యా, బండి ఎక్కడున్నా సరే..."

"ఆగమ్మా," అన్నారు అంతోని గారు.

ఆయన గది గుమ్మంలో నిలబడి ఉన్నారు. రిటైరైన బడిపంతులు, అవసరానికి మించి మాట ఖర్చుపెట్టని మనిషి. చేతిలో జపాల పుస్తకం ఉంది. దాన్ని తెరిచి, పేజీల మధ్యనుంచి సన్నటి ముక్క తీసి చాప మీద పెట్టారు.

పూలకిరీటం పెట్టుకుని కళ్ళు మూసుకున్న పాప. నుదుటి మీద గాజులున్న ఒక చెయ్యి.

"డబ్బాలో కనిపించింది," అన్నారు. "తీసుకున్నాను."

"తీసుకుని... ఇంతసేపూ..." అమలమ్మ ఆ ముక్క మీదికి వంగింది. "మేమిక్కడ చచ్చిపోతుంటే వింటూ కూర్చున్నారా?"

"ఇరవయ్యారేళ్ళుగా నువ్వే దాచుకున్నావు అమలా. నాకూ ఒక్కపూట ఉంచుకోవాలనిపించింది." ఆయన కళ్ళజోడు తీశారు. "నువ్వు చూస్తుండగా చూస్తే ఏడుస్తానని భయం. నేనేడిస్తే నిన్ను ఎవరు పట్టుకుంటారు? తర్వాత అలవాటైపోయింది."

అమలమ్మ చాప మీద కూలబడి ఏడ్చింది. ఆయన పక్కన కూర్చున్నారు. ఇన్నయ్య ఆ ముక్కను చేతిలోకి తీసుకుని, మొట్టమొదటిసారి అక్క మొహం చూసుకున్నాడు. తెరేస అత్తగారి కాళ్ళ దగ్గర వంగింది.

"తప్పయిపోయింది అత్తయ్యా. రెండూ కలిపి అతికిస్తాను, గీత కనబడకుండా."

అమలమ్మ ముక్కు తుడుచుకుంది. "ఆ ఫోటోగ్రాఫరు అందరూ ఇటు చూడండి అన్నాడే. నేనూ చూశాను. ఆఖరిసారి పిల్లని చూసుకోకుండా ఆ పెట్టె కెమెరా వంక చూశాను. ఇప్పటికీ అదే బాధ." కాసేపటికి ముక్కను నల్ల అట్ట మధ్యలో తనే పెట్టింది. "అతికించకు. ఇలాగే ఉండనీ, అదీ నా చెయ్యీ. ఓ పేజీ దానికే ఇవ్వు. గమ్ము వద్దు, మూలల్లో దోపు. నవంబరులో తీసుకెళ్ళాలి."

"ఈసారి నేనూ వస్తాను," అన్నారు అంతోని గారు.

తెరేస తెల్ల సిరాతో 'లూర్దు' అని రాస్తుంటే అమలమ్మ పక్కనుంచి చూసింది. "నీ రాత బాగుంటుందే," అంది.

ఆదివారం భోజనాలయ్యాక శౌరమ్మ గారనే దూరపు చుట్టం ఆల్బమ్ తిప్పుతూ ఆ పేజీ దగ్గర ఆగింది. "ఎవరండీ ఈ పాప?"

అమలమ్మ అలవాటుగా తల వంచుకుంది. కిళ్ళీల పళ్ళెం పట్టుకుని వస్తున్న అంతోని గారు ఆగారు.

"మా అమ్మాయండీ, లూర్దు," అన్నారు. "మాకు ఇద్దరు పిల్లలు."