గొట్టం కింద మూత

నేను పళ్ళ సెట్లు తయారుచేస్తాను. సెలవురోజున అవే పనిముట్లతో బొమ్మ ట్యాంకులు కడతాను. పాతకాలపు ట్యాంకు కిట్ కొని, దానికి ఇప్పటి ఆయుధాలు అమర్చడం నా సరదా. ఆ ఆదివారం బల్ల మీదున్నది జానెడు ట్యాంకు. దాని పొట్టి ఫిరంగి తీసేసి, పళ్ళు పోతపోసే రెజిన్‌తో కొత్తరకం పొడవాటి గొట్టం చేసి అంటించాను.

టీ గ్లాసుతో వచ్చిన బాబాయి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఒకప్పుడు అలాంటి ట్యాంకులోనే ఫిరంగి తిప్పే గన్నరుగా పనిచేశాడాయన.

"గొట్టం పక్కకి తిప్పమ్మడూ," అన్నాడు. "డ్రైవర్ బయటికొచ్చే మూతకి అడ్డొస్తోంది."

"లోపల డ్రైవరెవడున్నాడు బాబాయ్?" అని నవ్వాను. "పైగా జిగురు పట్టేసింది."

ఆయన నవ్వలేదు. టీ తాగకుండానే తన గదిలోకి వెళ్ళిపోయాడు.

మూడింటికల్లా ముసురు పట్టింది. కరెంటు పోయింది. గదినిండా రెజిన్ వాసన, కిటికీలోంచి తడిమట్టి వాసన. కాసేపటికి వాటి మధ్యలోంచి ఇంకొకటి... కాలిన డీజిల్. ఏదైనా మాడుతోందేమోనని వంటింట్లోకి వెళ్ళి చూశాను. పొయ్యి చల్లగా ఉంది.

తిరిగొచ్చేసరికి చప్పుడు. టక్ టక్ టక్. ఆగింది. మళ్ళీ టక్ టక్ టక్.

వాన చినుకులనుకుని కిటికీ మూశాను. ఆగలేదు. బల్ల మీద చెయ్యి పెట్టాను. వేళ్ళకి తెలుస్తోంది... ట్యాంకులోంచే.

వెనక బాబాయి. ఎప్పుడొచ్చాడో తెలీదు. చొక్కా చెమటతో ఒంటికంటుకుపోయింది.

"వాడే, మా డ్రైవర్," అన్నాడు గుసగుసగా. "ఆ రోజు మా ట్యాంకుకి నిప్పంటుకుంది. గొట్టం వాడి మూత మీద ఆగిపోయింది. నేను తిప్పితే వాడు బయటపడేవాడు. తిప్పలేదమ్మా... దూకేశాను."

"ఇప్పుడు తిప్పేద్దాం బాబాయ్."

తిప్పబోయాను. కదల్లేదు. ప్లాస్టిక్ వేడెక్కుతోంది. కొట్టడం ఎక్కువైంది. లోపల్నుంచి సన్నగా... అరుపో, ఏడుపో... బాబాయి చెవులు మూసుకుని కూలబడ్డాడు. కటింగ్ ప్లయర్ అందుకుని గొట్టాన్ని మొదలంటా తుంచేశాను. గోరు దూర్చి మూత లేపాను.

చప్పుడు ఆగింది. లోపల ఖాళీ.

బాబాయి చాలాసేపు వెక్కివెక్కి ఏడ్చాడు. తర్వాత మొహం కడుక్కుని, కడుపునిండా అన్నం తిని, పెందలాడే పడుకున్నాడు. గదిలోంచి సన్నగా మాటలు వినిపిస్తుంటే ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతున్నాడనుకున్నాను.

పొద్దున టీ పట్టుకెళ్ళాను. మంచం మీద ఓ పక్కకి ఒదిగి కూర్చున్నాడు, ఎవరికో చోటిచ్చినట్టు. మొహం తేటగా ఉంది.

"అమ్మడూ," అన్నాడు నెమ్మదిగా. "వాడు నన్ను పల్లెత్తు మాట అనలేదే. గొట్టం అంటించిందెవరని రాత్రంతా నీ పేరే అడిగాడు."

టీ గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టేశాను.

"చెప్పేశాను," అన్నాడు బాబాయి. "చెప్పకూడదా?"