గుటకలేసే కుండ

కమలాపురం దగ్గర ఒక పల్లెలో, పొద్దుగూకితే శేషన్న ఇంటి పెరట్లోకి పోవడానికి ఎవరికీ ధైర్యం చాలేది కాదంట. ఆడ గుంతలో ఒక కుండ ఉండేది. చీకటి పడినాక... అది గుటకలేసేది.

ఆ గుంత తవ్వించింది గ్రామసేవక్. పల్లెలు బాగుచేయమని కొత్తగా పెట్టిన బ్లాకు ఆఫీసు వాళ్ళు ఆయన్ని పంపినారు. వంటింటి మురికినీళ్ళు వాకిట్లో నిలవకుండా గుంత నిండా రాళ్ళు పోయించి, పైన ఒక కుండ పెట్టించినాడు. కుండ అడుగున బొక్కలు, లోపల ఎండుగడ్డి. మడ్డి గడ్డిలో ఆగుతుంది, నీళ్ళు నేలలోకి ఇంకుతాయి.

పాపం, బొక్కలు పొడిచిన కుండ మనవాళ్ళు యాడ వాడతారో ఆయనకు తట్టలేదు. చితి చుట్టూ కొడుకు భుజాన మోసేది అదే కదా. పైగా శేషన్న నాయన గిడ్డయ్య పోయి ఏడాది తిరగలేదు.

"ముసలాయన తన కుండ కోసం వచ్చినాడు," అనింది ఊరు. అంతలోనే గుటకలు మొదలాయె.

"రేపు పొద్దున్నే పూడ్చేస్తా," అన్నాడు శేషన్న, దుప్పటి ముఖం మీదికి లాక్కుంటా.

ఆ మాటకు భార్య కృష్ణవేణమ్మకు భయం పట్టుకుంది. దెయ్యానికి కాదు. గుంత లేనప్పుడు వాకిట్లో మురికి, మురికి మీద దోమలు, ఊరకూరకే పిల్లకు చలిజ్వరం. గుంత వచ్చినాకే పిల్లకు జ్వరం విడిచింది.

మొగుడు గురక పెట్టినాక, దేవుని కడప వెంకన్నను తలుచుకుని పెరట్లోకి పోయింది. గడ్డివామి చాటున కూర్చుంది.

ఆకు కదల్లేదు... కుక్క మొరగలేదు...

తెల్లగా ఏదో గుంత దగ్గరికి వచ్చింది — వంగింది — గుసగుసగా అనింది.

"తాగు... మెల్లగా తాగు... ఉప్పేసినా."

గుటక్... గుటక్... — కుండ.

కృష్ణవేణమ్మ కాళ్ళు వామిని తన్నినాయి. ఆ తెల్లటిది ఉలిక్కిపడి చెంబు జారవిడిచింది.

"ఎవరే అది... దెయ్యమా?"

గొంతు అత్తది. లక్ష్మీదేవమ్మది.

"నేనే అత్తా. నువ్వేం చేస్తాండావు ఈడ?"

"మీ మామకు అంబలి పోస్తాండా. జొన్నంబలి తాగంది నిద్రపోయేటోడా ఆయన? కుండ వెతుక్కుంటా వచ్చినోణ్ణి ఆకలితో పంపిస్తానా?"

కోడలు కుండలో చెయ్యి పెట్టింది. గడ్డంతా జిగురు.

"రోజూ పోస్తాండావా?"

"ఒక్క పూట తప్పలేదు."

"అంబలి గడ్డికి పట్టుకుని నీళ్ళు సరిగ్గా దిగక బుడగలు లేస్తాండాయత్తా. ఆ గుటకలు అవే. ఇంక పోయొద్దు."

లక్ష్మీదేవమ్మ కిందపడిన చెంబు ఎత్తి పట్టుకుంది. "అయితే... ఆయన కాదా?"

ఆ గొంతు విని కోడలికి నవ్వు రాలేదు. పాత గడ్డి తీసేసి, కుండ కడిగి, ఇద్దరూ కలిసి కొత్త గడ్డి కూరినారు. చెంబెడు నీళ్ళు పోస్తే కిమ్మనకుండా దిగిపోయినాయి.

పొద్దున శేషన్న పార తెచ్చినాడు. నీళ్ళు పోసి చూపించినారు. చప్పుడు లేదు. పార మూలకు పోయింది.

ఆ రాత్రి గుంతలో ఎవరూ ఏమీ పోయలేదు. కుండ ఎండిపోయి ఉంది. అత్తాకోడళ్ళు వసారాలో పడుకున్నారు.

గుటక్...

కృష్ణవేణమ్మ కళ్ళు తెరిచింది.

గుటక్... గుటక్...

పక్క మంచం మీద నుంచి, కళ్ళు తెరవకుండానే లక్ష్మీదేవమ్మ అనింది — "ఈపొద్దు లేదులే. కోడలు వద్దనింది. పడుకో."

చప్పుడు ఆగిపోయింది.

మరునాటి నుంచి అంబలి కృష్ణవేణమ్మే పోసేదంట. నీళ్ళు కలిపి, పలచన చేసి, గడ్డికి పట్టకుండా గుడ్డలో వడగట్టి... ఉప్పు మాత్రం అత్తను అడిగి వేసేది.