సవతి పేరున్న ఫైలు

పుంగనూరులో పాలకేంద్రం నడిపే మధుసూదన్‌కు రేవతి రెండో పెళ్లాం. ఆమెకు సవతంటే ఒకటే కడుపుమంట, ఆ సవతి చచ్చిపోయినా సరే! ఇంకా సవతి పేరు మీదే ఉన్న కేంద్రం లెక్కల వెబ్‌సైటు తెరిస్తే చాలు, "నమస్కారం నవనీత గారూ" అంటుంది. పోయినదానికి నమస్కారాలు, పొద్దస్తమానం చాకిరీ చేసేదానికి ఏమీ లేదు. మొగుడు కూడా నిద్రలో ఆ పేరే పలవరిస్తాడు. ఈ ఇంట్లో తన పేరొక్కటే వినపడాలని రేవతి పంతం.

మొన్న మధుసూదన్ నవనీత మరణ ధ్రువపత్రం ఎక్కించినప్పటి నుంచి ఆ పేజీ మొరాయిస్తాంది. ఆ సాయంత్రం ఆయన మదనపల్లెకు పోయినాడు. బయట ముసురు, ఇంట్లో తడి పేడ వాసన. రేవతి కుప్పంలోని సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు ఫోన్ చేసింది.

"అక్కా, ప్రైవేట్ విండో తెరువు, మిగిలినవన్నీ మూసెయ్," అన్నాడు అక్కడి లోహిత్. "పేజీ చేసేదంతా రాసుకునే నెట్‌వర్క్ రికార్డు పెట్టి, పేజీ ఆగిపోయేదాకా నడిపి, ఫైలు దించుకో. ఆ తర్వాత లాగౌట్ అయిపో. ఆ ఫైల్లో పాస్‌వర్డూ, లాగిన్‌ను గుర్తుపెట్టుకునే కుకీలూ ఉంటాయి. అవీ, పేర్లూ చెరిపేసి చుక్కలు పెట్టి పంపు. పేరు తీసి ఇంకొకరి పేరు మాత్రం పెట్టొద్దు."

"యాల?"

"రికార్డు తారుమారైపోతాదక్కా."

ఫైలు తెరిచింది. వరుస వరుసకూ నవనీత. నవనీత. నవనీత. రేవతి ఒళ్లు భగ్గుమంది.

"చచ్చినా ఇల్లు వదలవే నువ్వు!"

పాస్‌వర్డు, కుకీలు చెరిపింది. సవతి పేరున్న చోటల్లా ఒక్క దెబ్బకు తన పేరు పెట్టింది. ప్రాణం చల్లబడింది. పంపేసింది.

చివరి వరుస అప్పుడు కంటపడింది.

'సభ్యురాలు: రేవతి. స్థితి: మరణించారు.'

అయ్యయ్యో...

వంటింట్లో గాజులు కదిలాయి. కాఫీ పొడి వాసన... పొయ్యి ఎవరు వెలిగించారు?

బయట బండి ఆగింది. మధుసూదన్ లోపలికొచ్చాడు.

"ఏమండీ..." రేవతి గొంతు ఆమెకే వినపడలేదు.

ఆయన తడిసిన చొక్కా విప్పి, ఆమె కూర్చున్న కుర్చీలో... ఆమె ఒళ్లోనే పడేశాడు.

"నవనీతా, రవంత కాఫీ ఇస్తావా?"

"తెస్తాండా..." వంటింట్లోంచి ఆడగొంతు పలికింది.

ఫోన్ మోగింది. రేవతి చెయ్యి చాచింది. వేళ్లకు ఫోన్ తగల్లేదు. వెనక నుంచి ఇంకో చెయ్యొచ్చి దాన్ని తీసుకుంది. ఆ చేతికి రేవతి పెళ్లినాటి గాజులు ఉండాయి.

"అక్కా, చుక్కలు పెట్టమన్నాను కదా? ఫైల్లో ఈ పేరు సరైందేనా?" అన్నాడు లోహిత్.

"సరైందే తమ్ముడా," అంది నవనీత. "ఇంక మార్చొద్దు."