'పర్లేదు' విలువ

ఉదయం ఏడింటికి వార్డు తలుపు దగ్గర, మాటలు విని బాధ కొలిచే యంత్రం 'ఆలకి' అడిగింది: "మీరెలా ఉన్నారు, సలోమి గారూ?"

"పర్లేదు," అంది సలోమి.

బాధాంకం సున్నా. తలుపు తెరుచుకుంది. వార్డు పగ్గాలు ఆమె మణికట్టు పట్టీలోకి వచ్చాయి. నిజానికి మోకాళ్లు రెండూ రాత్రి నుంచి సలుపుతూనే ఉన్నాయి. కానీ బాధలో ఉన్న హెడ్ నర్సుకి ఆలకి పగ్గాలివ్వదు. అది తెలిసీ నిజం చెప్పేవాళ్లు ఎవరుంటారు చెప్పండి?

ఆలకి ప్రతి పడకనూ అదే ప్రశ్న అడిగి, జవాబు విని అంకం వేస్తుంది. సున్నా వచ్చిన పడక నిమ్మళంలోకి వెళ్తుంది. పైన ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. ఇక ఆరు గంటలదాకా నర్సు అటు వెళ్లక్కర్లేదు. ఉన్న తొమ్మిదిమంది నర్సులూ ఎర్రదీపాల చుట్టూ తిరగడానికే చాలరు మరి.

పద్నాలుగో పడక మీద ఆకుపచ్చే ఉంది. మంగతాయారు, యాభై ఎనిమిదేళ్లు, మొన్ననే పిత్తాశయం తీశారు. దాటిపోబోయిన సలోమి ఆగింది. ఆవిడ దుప్పటి అంచు పళ్ల మధ్య పెట్టి కొరుకుతోంది.

ఎలా ఉందని అడిగితే దుప్పటి వదిలేసి, నవ్వి, పర్లేదండి అంది.

సలోమి ఆవిడ పొట్ట మీద చెయ్యి వేసింది. చెక్కలా బిగుసుకుపోయి ఉంది. వెంటనే సర్జన్‌ని పిలిచింది. లోపల పిత్తరసం కారుతోందని, ఇంకో రెండు గంటలు ఆగుంటే చేతులెత్తేసేవాళ్లమని ఆయన అన్నాడు. పడకను థియేటర్ వైపు తోస్తూ, నొప్పి ఎప్పటి నుంచని సలోమి అడిగింది. నిన్న సాయంత్రం నుంచేనట.

"మరి పర్లేదన్నారేంటండీ?"

"అందరూ హడావిడిలో ఉన్నారు కదండీ. నా ఒక్కదాని కోసం మిమ్మల్ని కష్టపెట్టడం ఎందుకని."

థియేటర్ తలుపు మూసుకున్నాక సలోమి పట్టీని నోటి దగ్గర పెట్టుకుని ఆలకిని కడిగేసింది. ఆ మనిషికి సున్నా ఎలా వేశావని నిలదీసింది. ఆలకి నొచ్చుకోదు. 'పర్లేదు' అనే మాట విలువ సున్నా అని చెప్పింది. ఎవరు నేర్పారంటే, మీరే అంది.

నిజమే. తొమ్మిదేళ్ల కిందట ఆలకిని పెట్టినప్పుడు, అనుభవం ఉన్న మనిషని ఏరికోరి పిలిచి, మూడు రోజులు గదిలో కూర్చోబెట్టి, రోగుల మాటలు వినిపిస్తూ అంకాలు వేయించుకున్నారు. 'చచ్చిపోతున్నాను'కి తొమ్మిది. 'సలుపు'కి నాలుగు. 'పర్లేదు' దగ్గర సలోమి క్షణం కూడా ఆగకుండా సున్నా అంది. ఊహ తెలిసినప్పట్నుంచీ తనూ అంటున్న మాటే కదా, ఎప్పుడు అంటామో తనకి తెలియదా?

ఇప్పుడు ఆ ఒక్క మాట మీద నిమ్మళంలో ఉన్నవాళ్లెందరని అడిగింది. నలభై ఒక్కమంది. ఈ తొమ్మిదేళ్లలో ఆ మాటన్న పూటే పోయినవాళ్లెందరని కూడా అడిగింది.

"మూడు వందల పన్నెండు మంది," అంది ఆలకి, అదే మెత్తని గొంతుతో.

సలోమి తిరిగి వార్డులోకి నడిచింది. ఇన్నేళ్లూ తను ఆ ఆకుపచ్చ దీపాలు చూసి హమ్మయ్య అనుకుంటూ వచ్చింది.

"ఆ మాట తీసెయ్."

తీస్తే నలభై ఒక్క పడకలకీ అంకం ఉండదని, అన్నింటినీ చూడ్డానికి మనుషులు చాలరని ఆలకి హెచ్చరించింది. ఇంత పెద్ద మార్పు చేసే మనిషి నిమ్మళంలో ఉండాలని కూడా గుర్తు చేసింది. ఆపైన అడిగింది: "మీరెలా ఉన్నారు, సలోమి గారూ?"

మోకాళ్లు ఇంకా సలుపుతూనే ఉన్నాయి. కళ్లు గబగబా తుడుచుకుంది.

"పర్లేదు," అంది.

సున్నా. ఆలకి ఆ మాటను చెరిపేసింది. వార్డు పొడవునా ఆకుపచ్చ దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతుంటే, సలోమి నర్సులందరినీ కేకేసి, పదిహేనో పడక దగ్గరికి పరుగెత్తి దుప్పటి పక్కకి తీసింది.